పాప మొదటి పుట్టినరోజు చేయవచ్చా? గుణుపురం నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు

అమ్మా, మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. సంగతి ఇదీ: మీది గుణుపురం, అత్తవారిది మూడు తరాల బాప్టిస్టు కుటుంబం. మీ వారు రాయగడలో మిల్లు ఉద్యోగం చేస్తూ ఏడాదిగా అక్కడ ఒక ప్రార్థన గుంపుకు వెళ్తున్నారు. పుట్టినరోజులు, క్రిస్మస్, ఈస్టర్ అన్నీ అన్యుల పండుగలనీ, విశ్వాసి వాటిని ముట్టకూడదనీ అక్కడ నేర్పారు. డిసెంబరులో మీ పాపకు ఏడాది నిండుతుంది. కేకు, కొత్త గౌను, పదిమందికి భోజనం కావాలని అత్తగారు అంటున్నారు, మీ వారు వద్దంటున్నారు. పైగా ఆ రోజు మార్గశిర గురువారం పడింది. వీధిలో ఒడియా ఇళ్ళన్నిటా లక్ష్మీపూజ ఉంటుంది. ఆ రోజే మనింట్లో విందు చేస్తే వాళ్ళ పూజలో కలిసినట్టు అవుతుందేమోనని మీకు ఇంకో బెంగ. "చేస్తే పాపమా? చేయకపోతే అత్తగారి మనసు నొప్పించినట్టా?" అని అడిగారు.

ముందే చెబుతున్నాను, చేయవచ్చు. చేయకపోయినా దోషం లేదు. ఈ రెండు ముక్కలతో మీ ఇంట్లో గొడవ తీరదని తెలుసు కనుక మిగతాది రాస్తున్నాను.

నేను పర్లాకిమిడిలో బడిపిల్లలకు చరిత్ర చెప్పేదాన్ని. మా ఆయన సంఘకాపరి, ఆయన పోయి ఆరేళ్ళు. ముప్పై ఏళ్ళకు పైగా సండే స్కూలు నడిపాను. పెళ్ళయిన కొత్తలో నేనూ మీ వారిలాగే ఉండేదాన్ని. పాతపట్నంలో మా అక్క తన కొడుకు మొదటి పుట్టినరోజుకు రమ్మని కబురు చేస్తే వెళ్ళలేదు. నాలుగు పేజీల ఉత్తరం రాశాను. ఫరో, హేరోదు, బబులోను, అందరూ అందులో ఉన్నారు. పర్లాకిమిడి నుంచి పాతపట్నం ఎంత దూరమో మీకు తెలుసు, ఏరు దాటితే ఆంధ్ర. ఆ కాస్త దూరానికి స్టాంపు అంటించి మరీ పంపాను. అక్క ఒక్క మాట అనలేదు. ఇరవై ఆరేళ్ళ తరువాత ఆ పిల్లవాడి పెళ్ళిలో పెట్టె అడుగు నుంచి ఆ ఉత్తరం తీసి చుట్టాలందరి ముందు చదివింది. మూడో పేజీలో ఒక వచనం సంఖ్య కూడా తప్పు రాశానని ఆ రోజే తెలిసింది నాకు. కనుక మీ వారి మీద నాకు కోపం లేదు. ఆ దారి ఎటు పోతుందో తెలిసినదాన్ని, అంతే.

మీ వారికి నేర్పినవాళ్ళు మొదట చూపించేవి రెండు విందులు. ఆదికాండము 40వ అధ్యాయంలో ఐగుప్తు రాజు ఫరో తన జన్మదినాన భక్ష్యకారుల అధిపతిని, అంటే రొట్టెలు చేసేవాళ్ళ పెద్దను, ఉరి తీయించాడు. మత్తయి 14వ అధ్యాయంలో హేరోదు తన జన్మదినాన బాప్తిస్మమిచ్చు యోహాను తల తీయించాడు. బైబిల్లో పేరుపెట్టి చెప్పిన జన్మదినాలు రెండే, రెండింటిలోనూ చావే, కనుక జన్మదినం చెడ్డది అంటారు. వినడానికి గట్టిగానే ఉంటుంది. కానీ అదే లెక్కన ముద్దు కూడా మానుకోవాలి. యూదా ముద్దుపెట్టుకునే కదా ప్రభువును అప్పగించాడు! అయినా పౌలు రోమా సంఘానికి రాస్తూ పవిత్రమైన ముద్దుతో ఒకరికొకరు వందనాలు చేసుకోమన్నాడు. ఫరో విందునే మళ్ళీ చదవండి. ఒకడికి ఉరి పడిన ఆ రోజే గిన్నె అందించేవాడికి పాత కొలువు తిరిగి దొరికింది. వాడు రెండేళ్ళకు నోరు విప్పితేనే యోసేపు చెరసాల నుంచి బయటపడ్డాడు.

హేరోదు విందులో అసలు విషం ఎక్కడ ఉందో మత్తయి దాచలేదు. విందులో నాట్యమాడి, ఏది అడిగినా ఇస్తానని రాజు చేత ప్రమాణం చేయించుకున్న అమ్మాయి యోహాను తల అడిగినప్పుడు రాజుకు ఇష్టం లేదు, బాధపడ్డాడు. అయినా చేసిన ప్రమాణం కోసమూ, తనతో భోజనానికి కూర్చున్నవాళ్ళ కోసమూ తల తెప్పించాడు. వచ్చినవాళ్ళ ముందు పరువు పోకూడదు, అదీ సంగతి. ఇది గుర్తుపెట్టుకోండి, దీని దగ్గరికి మళ్ళీ వస్తాను. మన ఊళ్ళలో పుట్టినరోజులకు పట్టిన జబ్బు కూడా ఇదే.

యోబు గ్రంథం మొదటి అధ్యాయంలో ఆయన కొడుకులు వంతుల చొప్పున ఇళ్ళలో విందు చేసుకుని అక్కచెల్లెళ్ళను పిలిచేవారని ఉంది. హీబ్రూలో అక్కడున్న మాటకు ఎవరి దినాన వారు అని అర్థం. అది పుట్టినరోజేనని కొందరు పండితులు అంటారు, కేవలం వంతు అని మరికొందరు. నేను దాని మీద ఇల్లు కట్టను. కానీ ఒకటి గమనించండి. పిల్లలు విందులో పాపం చేశారేమోనని యోబు తెల్లవారుజామున లేచి వాళ్ళ కోసం బలులు అర్పించాడే కానీ విందులు మాన్పించలేదు.

మీ వారి పక్షాన కూడా మాట్లాడాలి కదా. పుట్టినరోజు వద్దన్న మాట నిన్న మొన్న పుట్టింది కాదు. 3వ శతాబ్దంలో ఓరిగెన్ అంతటి పండితుడు, పరిశుద్ధులెవరూ తమ జన్మదినాన్ని పండుగ చేసుకోలేదనీ, పాపులే దానికి సంతోషిస్తారనీ బోధించాడు. రోమా సామ్రాజ్యంలో చక్రవర్తి జన్మదినమంటే బలులు, ధూపాలు. వాటిని కాదన్నందుకు ప్రాణాలు పోగొట్టుకున్న రోజులవి. ఓరిగెన్ కోపం నాకు అర్థమవుతుంది. విచిత్రమేమిటంటే, ఆ కాలపు సంఘం జన్మదినం అనే మాటను వదిలిపెట్టలేదు, తన పనికి తిప్పుకుంది. 2వ శతాబ్దంలో స్ముర్న సంఘాధ్యక్షుడు పొలికార్పును కాల్చి చంపినప్పుడు, ఆయన హతసాక్షి అయిన దినాన్ని ఆయన జన్మదినంగా ఏటేటా జరుపుకుంటామని ఆ సంఘంవాళ్ళే రాసుకున్నారు.

ఇక కేకు మీది కొవ్వొత్తులు. ఇవి గ్రీకు దేవత అర్తెమికి పెట్టిన దీపాలని మీ వారికి ఎవరో చెప్పారట. పిల్లల వయసు లెక్కన కేకు మీద కొవ్వొత్తులు పెట్టే ఆచారానికి దానితో సంబంధం చూపించే గొలుసు లేదు. అలాంటి కేకు గురించి మనకు దొరికే బాగా పాత వర్ణన 1746 నాటిది. జర్మనీలో మొరేవియన్ సహోదరుల నాయకుడు జిన్‌జెన్‌డోర్ఫ్ పుట్టినరోజున పొయ్యి పట్టేంత పెద్ద కేకు చేసి, ఆయనకు ఎన్నేళ్ళో అన్ని రంధ్రాలు చేసి కొవ్వొత్తులు గుచ్చారని చూసినవాడు రాశాడు. ఆ సహోదరులు ఎవరనుకున్నారు? పడవలెక్కి గ్రీన్‌లాండ్‌కూ కరేబియన్ దీవులకూ సువార్త మోసుకెళ్ళినవాళ్ళు. మనవైపు కేకు మిషనరీలతో వచ్చిందని వెక్కిరించేవాళ్ళు ఈ మాట వింటే ఇంకా నవ్వుతారేమో.

క్రిస్మస్ దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే ఇక్కడే ఎక్కువ పుకార్లు తిరుగుతాయి. "డిసెంబరు 25 రోమీయుల సూర్యదేవుడి పండుగ, సంఘం దాన్ని దొంగిలించి యేసు పేరు పెట్టింది" అనేది మామూలుగా వినిపించే మాట. ఔరేలియన్ చక్రవర్తి 274లో రోములో అజేయ సూర్యుడికి గుడి కట్టించిన మాట నిజం. అయితే డిసెంబరు 25న ఆ సూర్యుడి జన్మదినమని చెప్పే పాత పత్రం 354 నాటి రోమా క్యాలెండరు. అదే సంపుటంలో, క్రీస్తు డిసెంబరు 25న బేత్లెహేములో పుట్టాడన్న నమోదు కూడా ఉంది. ఆ నమోదు ఉన్న జాబితా 336 నాటిదని పండితుల లెక్క. అంటే రెండు పండుగలకూ సాక్ష్యం ఒకే కాగితాల కట్టలో పక్కపక్కన ఉంది. ఎవరు ఎవరిని చూసి పెట్టుకున్నారో ఆ కట్ట చెప్పదు. సాటర్నేలియా అనే ఇంకో పండుగను కూడా లాగుతారు. అది డిసెంబరు 17న మొదలయ్యేది, వారం పాటు సాగదీసినా 23తో ముగిసేది. 25 వరకు రాదు.

మరి 25 ఎక్కడ నుంచి వచ్చింది? దీనికి ఇంకో వివరణ ఉంది, నాకు అదే ఎక్కువ నచ్చుతుంది. పూర్వపు క్రైస్తవుల్లో కొందరు ప్రభువు తల్లి గర్భంలో పడిన దినమూ సిలువ వేయబడిన దినమూ ఒకటే, మార్చి 25, అని నమ్మేవారు. అక్కడి నుంచి తొమ్మిది నెలలు లెక్కపెట్టండి. 5వ శతాబ్ది తొలినాళ్ళలో అగస్టీను ఈ లెక్కను స్పష్టంగా రాశాడు. తూర్పు దేశాల్లో ఏప్రిల్ 6 నుంచి లెక్కపెడితే జనవరి 6 వస్తుంది. ఆర్మేనియా సంఘం ఇప్పటికీ ఆ రోజే ప్రభువు జన్మను జరుపుకుంటుంది. ఇది చరిత్రగా నిజమైన పుట్టిన తేదీ అని నేను అనను. లేఖనం తేదీ చెప్పలేదు, అంతటితో సరి. కానీ దొంగతనం అని నింద వేసే ముందు ఈ లెక్క కూడా తెలియాలి.

ఈ పండుగలన్నీ బబులోను దేవతల కొలుపు నుంచి వచ్చాయనే కథలకు ఊట చాలా వరకు ఒకటే. స్కాట్లాండు బోధకుడు అలెగ్జాండర్ హిస్లప్ 1853లో ఒక చిన్న పుస్తకం వేసి, 1858లో దాన్ని పెద్దది చేశాడు. రోమన్ కాథలిక్ సంఘం మీద కోపంతో, వినడానికి ఒకేలా ఉన్న పేర్లన్నిటినీ కలిపి ముడివేశాడు. అమెరికాలో రాల్ఫ్ వుడ్రో అనే బోధకుడు 1960లలో దాన్ని నమ్మి తానూ ఒక పుస్తకం రాశాడు, అది బాగా అమ్ముడుపోయింది. తరువాత ఆధారాలు ఒక్కొక్కటీ వెతికి చూస్తే నిలవలేదు. ఆయన తన పుస్తకాన్ని తానే ఆపేసి, 1997లో దాన్ని ఖండిస్తూ ఇంకో పుస్తకం వేశాడు. అమ్ముడుపోయే పుస్తకాన్ని తన చేత్తో ఆపేయడం సామాన్యం కాదు. మీ వారికి ఈ ఒక్క సంగతి చెప్పండి.

ఈస్టర్ అనే మాట బబులోను దేవత ఇష్తారు పేరు నుంచి వచ్చిందన్నది కూడా ఆ ఊటలోదే. 725లో ఇంగ్లండు సన్యాసి బీడ్, తమ ప్రాంతంలో ఆ నెలకు ఎయోస్ట్రే అనే దేవత పేరుండేదని ఒక చోట రాశాడు. ఆ దేవత గురించి తెలిసిందంతా ఆ ముక్కే. అదీ ఇంగ్లీషు పేరుకు సంబంధించిన గొడవ, పండుగకు సంబంధించినది కాదు. గ్రీకులోనూ లాటిన్‌లోనూ ఆ పండుగ పేరు పస్కా. ఇష్తారుకూ ఈస్టరుకూ ఉన్నది చెవికి తగిలే పోలిక మాత్రమే. పాప అన్న మాట పాపం అన్న మాటకు దగ్గరగా వినిపిస్తుంది కదా అని మీ పాప పుట్టడమే పాపమంటామా?

క్రిస్మస్ మానుకున్న భక్తులు లేకపోలేదు. ఇంగ్లండులో ప్యూరిటన్ల పార్లమెంటు 1647లో దాన్ని రద్దు చేసింది. అమెరికాలో మసాచుసెట్స్ వలసలో 1659 నుంచి 1681 వరకు పండుగ చేసినవాళ్ళకు ఐదు షిల్లింగులు జరిమానా. స్కాట్లాండులో క్రిస్మస్ 1958 వరకు సెలవు దినమే కాదు. వాళ్ళంతా ప్రభువును ప్రేమించినవాళ్ళే. కనుక మీ వారు స్టారు కట్టనన్నంత మాత్రాన విశ్వాసం తప్పినట్టు కాదు, అత్తగారికి ఇది చెప్పాలి. మన పక్క జిల్లా కందమాల్‌లో 2007 క్రిస్మస్ వేళ అల్లర్లలో చర్చిలు తగలబడ్డాయి. అక్కడ అన్నీ పోగొట్టుకున్నవాళ్ళు మరుసటి ఏడు మళ్ళీ ఆ పండుగ చేసుకోవడానికి కూర్చున్నప్పుడు రోమా సూర్యుడు వాళ్ళకు గుర్తొచ్చి ఉంటాడని నేను అనుకోను. మీ వారికి ఇదీ చెప్పాలి.

సరే, చరిత్ర పక్కన పెడదాం. ఒకవేళ ఏదో ఒక ఆచారం నిజంగానే అన్యదేవతల గుడిలో పుట్టిందని రుజువైందనుకుందాం. అప్పుడు?

నా జవాబు బైబిల్లోని యూదా రాజు హిజ్కియా దగ్గర ఉంది. మోషే అరణ్యంలో చేసిన ఇత్తడి సర్పాన్ని ఎవరు చేయమన్నారు? దేవుడే. అంతకంటే పవిత్రమైన మూలం ఉంటుందా? అయినా జనం దానికి ధూపం వేయడం మొదలుపెట్టేసరికి హిజ్కియా దాన్ని ముక్కలు చేశాడు. నెహుష్టాను అని పేరు పెట్టి పారేశాడు. రెండవ రాజులు 18వ అధ్యాయం. ఇప్పుడు ఐగుప్తు బంగారం చూడండి. ఇశ్రాయేలీయులు ఐగుప్తీయుల దగ్గర అడిగి తెచ్చుకున్న నగలవి. ఏ దేవతల బొమ్మలు ఏ నగ మీద ఉన్నాయో ఎవరు చూశారు? ఆ చెవిపోగులతోనే అహరోను దూడను పోత పోశాడు, ఆ బంగారంతోనే బెసలేలు ప్రత్యక్ష గుడారపు దీపవృక్షం చేశాడు. దేవుడు చేయమన్న సర్పం పగిలింది, ఐగుప్తు నుంచి వచ్చిన బంగారం గుడారంలో నిలిచింది.

కొత్త నిబంధనలో పేర్లు చదవండి. అపొల్లో పేరులో గ్రీకు దేవుడు ఉన్నాడు. ఎపఫ్రొదితు పేరులో అఫ్రొదితె ఉంది. రోమా సంఘంలో హెర్మే అనే విశ్వాసి ఉన్నాడు, అది అచ్చంగా దేవుడి పేరే. పౌలు వాళ్ళను పేర్లు మార్చుకోమన్నట్టు ఎక్కడా లేదు. మన సంఘాల పాత రిజిస్టర్లు తిరగేసినా ఇదే. మా ఆయన దగ్గరున్న బాప్తిస్మపు పుస్తకంలో సింహాచలాలు, జగన్నాథాలు, అప్పలస్వాములు వరుసగా ఉండేవారు. వాళ్ళలో కొందరు సంఘ పెద్దలై చర్చి గోడలు కట్టారు. మీ వారు ప్రతి ఆదివారం ఆరాధనకు వెళ్తారు కదా, ఆదివారమంటే ఆదిత్యుడి వారమే. ఆ గుంపు బోధకుడి వేలికి పెళ్ళి ఉంగరం ఉందేమో కూడా చూడమనండి. రోమీయులు క్రైస్తవులు కాకముందే నిశ్చితార్థానికి ఉంగరం ఇచ్చేవారు. మా వైపు సవర కొండల మీద పూర్వం కొత్త పంటలో భాగం చనిపోయిన పెద్దల ఆత్మలకు పెట్టేవారు. ఇప్పుడు అక్కడి విశ్వాసులు కోత పండుగకు ఆ ధాన్యాన్నే బుట్టలతో చర్చికి మోసుకొస్తారు. బుట్ట అదే, కొండ అదే.

దీనికి ఎదురు చెప్పే గట్టి వచనం ఒకటి ఉంది. నేను దాటవేయను. దూడ ముందు అహరోను ఏమని చాటించాడు? రేపు యెహోవాకు పండుగ అన్నాడు. ఉద్దేశం మంచిదే, పేరు కూడా దేవుడిదే, అయినా దేవుడు ఒప్పుకోలేదు. ద్వితీయోపదేశకాండము 12వ అధ్యాయంలో, ఈ జనాలు తమ దేవతలను ఎలా కొలిచారో విచారించి అలా నన్ను కొలవవద్దు అని కూడా ఉంది. కనుక "నా మనసులో యేసే ఉన్నాడు, ఏమి చేసినా పర్వాలేదు" అనడం చెల్లదు. నేను గీత గీసేది ఇక్కడే: ఎదుట ఒక విగ్రహం ఉందా, బలి ఉందా, మొక్కు ఉందా? ఉంటే మన ఉద్దేశం ఎంత మంచిదైనా అక్కడ మనకు చోటు లేదు. కేకు ఎదుట ఏ మొక్కూ లేదు. పుట్టు వెంట్రుకల సంగతి వేరు. ఏదైనా కొండకు మొక్కుకుని అక్కడ తీయించడం ఒకటి, ఎండాకాలం వస్తోందని ఇంటి వాకిట్లో మంగలిని పిలిచి గుండు చేయించడం ఇంకొకటి. కత్తి ఒకటే అయినా రెండూ ఒకటి కావు.

ఇప్పుడు గురువారం సంగతి. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 10వ అధ్యాయం మన సరిహద్దు జిల్లాల కోసమే రాసినట్టు ఉంటుంది. కటికవాని అంగడిలో అమ్మేది ఏమీ అడగకుండా తినండి, అవిశ్వాసి భోజనానికి పిలిస్తే వెళ్ళి పెట్టింది తినండి, అయితే ఎవరైనా "ఇది బలి అర్పించినది" అని చెబితే ఆ చెప్పినవాడి కోసం తినకండి అన్నాడు. కొరింథు అంగళ్ళలో గుళ్ళ నుంచి వచ్చిన మాంసం కూడా ఉండేది. అయినా ఎక్కడ నుంచి వచ్చిందని కూపీ లాగమనలేదు.

నలభై ఏళ్ళుగా నేను దీన్ని ఇలా పాటిస్తున్నాను. సంక్రాంతికి పక్కింటివాళ్ళు అరిసెలు పంపితే తింటాను. ఒడియావాళ్ళ రజ పండుగకు స్నేహితురాలు పొడపిఠా అనే పిండివంట తెస్తే తింటాను, నేను చేసినదానికంటే బాగుంటుంది కూడా. పూరీ నుంచి మహాప్రసాదం తెచ్చి, ఇది జగన్నాథుడిదని చెప్పి ఇస్తే, రెండు చేతులతో నమస్కరించి మా విశ్వాసం సంగతి చెప్పి తీసుకోను. ఇన్నేళ్ళలో ఈ కారణంతో నాతో మాట్లాడడం మానేసినవాళ్ళు ఒక్కరూ లేరు. మొహం చిట్లించి చెప్పేదానికీ ఆప్యాయంగా చెప్పేదానికీ ఎదుటివాళ్ళకు తేడా తెలుస్తుంది. వాళ్ళు వినేలా వాళ్ళను అన్యులు అనడం కూడా నాకు నచ్చదు. పౌలు పత్రికల్లో ఆ మాట ఉంది నిజమే, అది వీధిలో వాడే మాట కాదు.

మార్గశిర గురువారం మీ వీధిలో తెల్లవారుజామున వాకిళ్ళలో బియ్యపు పిండితో ముగ్గులు, లక్ష్మి పాదాలు వేస్తారు. కొత్త ధాన్యం నింపిన మాణాన్ని, అదే మన మానికను, పూజలో పెడతారు. మా వీధిలో ఒడియా ఇళ్ళలో ఆ నైవేద్యం ఇంటివాళ్ళే తింటారు, బయటికి పంపరు. కనుక దాన్ని మీకు పెడతారేమోనన్న బెంగ అక్కర్లేదు. మీ పాప ఆ రోజు పుట్టింది కనుక ఆ రోజు పుట్టినరోజు. గురువారాన్ని కూడా దేవుడే చేశాడు. వాళ్ళు పూజ చేసుకుంటారు, మీరు ప్రార్థన చేసుకుంటారు. మైకు మాత్రం పెట్టకండి, క్యారల్స్ కుర్రాళ్ళు ముచ్చటపడినా సరే.

ఇక హేరోదు దగ్గరికి వస్తాను. నేను పుట్టినరోజుల్లో చూసిన పాపమంతా కేకులో కాదు, కూర్చున్నవాళ్ళ కోసం చేసే ఖర్చులో ఉంది. మా సంఘంలోనే ఒక కుటుంబం మొదటి పుట్టినరోజుకు కల్యాణ మండపం తీసుకుని, ఫ్లెక్సీలు కట్టించి, రెండు వందల మందికి వేటమాంసంతో పెట్టారు. తల్లి గాజులు తాకట్టులోకి వెళ్ళాయి. పాపకు మూడేళ్ళు వచ్చినా విడిపించుకోలేదు. ఆ విందుకు నేనూ వెళ్ళాను, తిన్నాను, ఏమీ అనలేదు, అదీ నా తప్పే. మీ అత్తగారు పదిమంది అన్నారు కదా, పదిమందే ఉండాలి. ఆ పదీ యాభై అయితే మీ వారి పక్షాన నేనూ నిలబడతాను, కారణం మాత్రం బబులోను కాదు.

మీ వారితో ఎలా మాట్లాడాలి? రోమా పత్రిక 14వ అధ్యాయం ఇద్దరూ కలిసి చదవండి. ఒకడు ఒక దినాన్ని గొప్పగా ఎంచుతాడు, ఇంకొకడు అన్ని దినాలనూ సమానంగా ఎంచుతాడు, ఎవరి మనసులో వాళ్ళు నిశ్చయం చేసుకోవాలి, ఒకరినొకరు తీర్పు తీర్చకూడదు. అక్కడ బలహీనుడు అనే మాట వస్తుంది. జాగ్రత్త, ఆ అధ్యాయం చదివిన ప్రతివాడూ బలహీనుడు ఎదుటివాడేనని అనుకుంటాడు. ఆయన మనస్సాక్షి కేకు కోయడానికి ఒప్పుకోకపోతే ఆయన చేత కోయించకండి, ఫోటో కోసం పక్కన నిలబెట్టనూ వద్దు. ఆయన చేయగలిగింది ఆయనకు ఇవ్వండి: పాపను ఎత్తుకుని ఈ ఏడాది కాచినందుకు స్తోత్రం చెప్పే ప్రార్థన. అది కాదనే బోధ నేను ఎక్కడా వినలేదు. పుట్టినరోజు వద్దనే కొందరు అదే రోజు కృతజ్ఞతా కూడిక అని పేరు పెట్టి, అదే కేకు తెచ్చి, అదే పలావు వండుతారు. నాకు నవ్వు వస్తుంది కానీ, ఆ పేరుతో ఇల్లు నెమ్మదిగా ఉంటే అలాగే పిలవండి. అత్తగారికి చెప్పకుండా ఆయనా, ఆయనకు తెలియకుండా మీరూ ఏదీ చేయకండి. దాచి కోసిన కేకు నోటికి చేదవుతుంది.

ఇంకొక్క మాట ఆయనకు నా తరఫున చెప్పండి. నేను బళ్ళో ఉండగా ఆరో తరగతి పిల్ల ఒకతె ఉండేది. తోటిపిల్ల పుట్టినరోజుకు చాక్లెట్లు పంచుతుంటే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేది. ఇంట్లో అలా చెప్పారు. పంచే పిల్లకు కోపం వచ్చేది, ఈ పిల్లకు ఏడుపు వచ్చేది. సాక్ష్యమంటే ఏమిటో ఆ ఇద్దరిలో ఎవరికీ తెలియదు. పెద్దవాళ్ళం మనం మన నిశ్చయాలకు వెల కట్టుకోవచ్చు. కానీ ఆ వెల పిల్ల చేత కట్టించే ముందు ఆయన ఒక రాత్రి ఆలోచించాలి.

ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించడం తప్పా అని చివర ఒక ముక్క అడిగారు. చనిపోయినవాళ్ళను వేడుకుంటే తప్పు. సమాధి శుభ్రం చేసి, పువ్వులు పెట్టి, పునరుత్థానపు పాట పాడితే తప్పు లేదు. మా ఆయన దగ్గర నేను ఏటా వెలిగిస్తాను, గాలికి రెండు మూడుసార్లు ఆరిపోతుంది.

కేకు సంగతి మరిచిపోయేదాన్ని. గుడ్డు లేనిది చెప్పండి, రెండు రోజుల ముందే చెప్పాలి. పాపను రోజూ ఎత్తుకుని తిప్పే పక్కింటి ఒడియా మావుసి ఉన్నారని రాశారు కదా, గురువారం ఆవిడ గుడ్డు ముట్టరు. మొదటి ముక్క ఆవిడ చేతికి వెళ్ళాలి.